గిద్ద

బెళ్ళందూరు చెరువు నురగ
గాలికి రోడ్డెక్కిన వారం
మా అపార్ట్‌మెంట్ ఈ-చెత్త పెట్టెలో
ఎవరో ఒక నెట్‌బుక్ పారేశారు.
మూత మీద సగం గీకిన డైనోసారు.
చచ్చిన బ్యాటరీ. ఒక్క జీబీ జ్ఞాపకం.
పెంటకుప్ప మీద కోడిపిల్ల దొరికినట్టు
ఒళ్ళో పెట్టుకుని మూడో అంతస్తుకి తెచ్చుకున్నాను.

పగలు నేను ఔటర్ రింగ్ రోడ్డు కంపెనీలో
ఎవరూ నొక్కని బటన్లను నొక్కి చూస్తాను.
రాత్రి మాత్రం తీసేసే పని.
కెర్నల్ మెనూ తెరిచి
ఒక్కో పేరు ముందూ వద్దని కొడుతూ పోయాను.
ప్రింటరు వద్దు. బ్లూటూత్ వద్దు.
ఫ్లాపీ ఇంకా ఎందుకుందో, వద్దు.
ఎన్నడూ ఎరగని టీవీ కార్డులు
మూడొందల దాకా, వద్దు వద్దు వద్దు.
మా మేనత్త చెంచులక్ష్మి
చేటని మోకాలికానించి రాళ్ళేరుతూ ఏరుతూ
ఎసరు మరుగుతున్న సంగతే మర్చిపోయేది.
నాకూ అలాగే అయింది.

కంపైలు పెట్టి పడుకుంటే
ఇసకలో బండి లాగుతున్నట్టు ఫ్యాను రొద.
రెండింటికి లేచి చూస్తే ఎర్ర గీత,
ఏదో లైబ్రరీ లేదని.
నాలుగింటికి ఇంకోటి.
పదకొండో రాత్రి
గడియారం లేదు, వాల్‌పేపర్ లేదు,
నల్లతెర మీద ఒకే ఒక్క బ్రౌజరు
గడియ తీసినట్టు తెరుచుకుంది.
ఎనిమిది సెకన్లు.
ఒక దగ్గుతెర అంత.
పేరేమిటని అడిగింది. గిద్ద అని కొట్టాను.
తవ్వ కంటే, సోల కంటే చిన్నది,
మంచినూనె కొలిచే ఇత్తడి గిద్ద.

సెల్లార్‌లో మద్దిలేటికి ఇచ్చాను.
రాత్రి వాచ్‌మన్. ఆదోని పక్క పల్లె.
ఫోను పగిలి నెలయిందనీ
శనక్కాయల రేటు తెలియడం లేదనీ
కార్లు తుడుస్తూ ఎప్పుడో అన్నాడు.
ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి
మార్కెట్ యార్డు పేజీని
చాలాసేపు చూశాడు.

"అన్నీ గళ్ళే కనపడతాండాయి మ్మా.
అచ్చరం ఒక్కటీ ల్యాదు.
మన బిల్డింగు మాదిరే ఉండాది."

నిజమే.
వరస వరసల చదరాలు,
లోపల ఎవరున్నారో తెలియని కిటికీలు.
ఫాంట్లన్నీ పీకేసిన రాత్రి గుర్తొచ్చింది.
నలభై ఎంబీ కలిసొచ్చిందని
ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్న రాత్రి.
నా పేరు రాసుకునే అక్షరాలూ అందులోనే ఉన్నాయి.
వేలు తడబడనైనా లేదు.
ఇంగ్లీషులో పరీక్షించాను. అన్నీ పాసయ్యాయి.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను.
తెలుగు ఫాంటు ఒకటి, రెండొందల కేబీ.
వత్తు ఎక్కడ కూర్చోవాలో
గుడి ఎటు వంగాలో చెప్పే లైబ్రరీ ఇంకోటి.
బూటు తొమ్మిది సెకన్లయింది.
ఆ ఒక్క సెకనూ
మార్కెట్‌లోని ర్కె కిందికే పోయుంటుంది.

ఇప్పుడు మద్దిలేటి తెర మీద వేలు పెట్టి
పెదాలు కదుపుతూ చదువుతాడు. వే, రు, శ, న, గ.
నిన్న ఎంతుండెనో చూపీమన్నాడు ఒకసారి.
చూపలేను.
ప్లగ్గు పీకితే గిద్ద అంతా మర్చిపోతుంది.
కరెంటు పోయినా చెడిపోకుండా
కావాలనే అలా కట్టాను, గొప్పగా.
"అట్లనా" అన్నాడు. అంతే.

మొన్న నా కొరియర్ ఎప్పుడొచ్చిందో చూద్దామని
విజిటర్స్ రిజిస్టరు తిరగేశాను.
వెనక పేజీల్లో నీలం బాల్‌పెన్నుతో
వంకర లేకుండా వరసలు.
పేరు అన్న గడిలో శనక్కాయలు.
ఎక్కడి నుంచి అన్న గడిలో ఆదోని.
ఫ్లాట్ నంబరు గడిలో క్వింటాలు ధర.
వచ్చిన టైము ప్రతిదానికీ వేసుంది.
పోయిన టైము
ఒక్కదానికీ వెయ్యలేదు.